సంకెళ్ళ పేర్లు: ఇంగ్లీషు పాతమాటలు, తిరుమలగిరి, తెలుగు వాడుక

నిర్వచనం, పరిధి

మనిషి చేతులనో, కాళ్ళనో, మెడనో కదలనీయకుండా బిగించి ఉంచే ఇనుప, కొయ్య సాధనాలను తెలుగులో స్థూలంగా సంకెళ్ళు అంటారు. బేడీలు, అరదండాలు, నిగళాలు, బొండ అనేవి వీటిలో రకాలు. ఇంగ్లీషులో వీటికి ఫెటర్, షాకిల్, మానకిల్, జైవ్, బిల్బోస్, డార్బీస్, హ్యాండ్‌కఫ్ అనే మాటలున్నాయి. ఇవన్నీ ఒకే వస్తువు పేర్లు కావు. కొన్ని కాలికి వేసేవి, కొన్ని చేతికి వేసేవి, కొన్ని ఓడల్లో మాత్రమే వాడినవి. సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరిలో ఈ రెండు భాషల మాటలు దాదాపు ఒక శతాబ్దం పాటు పక్కపక్కన మెలిగాయి. అందుకే ఈ వ్యాసం ఆ చోటిని మధ్యలో పెట్టుకుని రెండు పదజాలాలనూ కలిపి చూస్తుంది.

ప్రాచీన ఇంగ్లీషు పదాలు

పదకొండో శతాబ్దానికి ముందరి ఇంగ్లీషులో బంధనాలకు సొంత మాటలు చాలానే ఉండేవి. ఫెటోర్ అంటే కాలి సంకెల. షాకెల్ అంటే వలయం, బంధనం. రాకెంటె అంటే గొలుసు. బెండ్ అంటే కట్టు. కొప్స్ అన్నది కూడా బంధనమే. దాని ముందు కాలిని చేర్చి ఫోట్‌కొప్స్ అనీ, చేతిని చేర్చి హాండ్‌కొప్స్ అనీ అనేవారు.

వీటిలో ఫెటోర్ తెలుగువారికి దూరపు చుట్టం. కాలు అనే అర్థమున్న ఇండో యూరోపియన్ ధాతువు నుంచి అది పుట్టింది. లాటినులో పెస్, సంస్కృతంలో పాదం కూడా ఆ ధాతువువే. కాబట్టి ఫెటర్ అనే మాటలో దాగి ఉన్నది, మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని రోజూ పలికే పాదమే. కాలికి వేసేది కనుక కాలి పేరే దానికి వచ్చింది. బెండ్ సంగతీ అంతే. సంస్కృతంలో బంధం, ఫార్సీలో బంద్, ఇంగ్లీషులో బైండ్, బాండ్ ఒకే తల్లి పిల్లలు. తెలుగులోకి బంధం సంస్కృతం నుంచి, బందీఖానా, బందోబస్తు ఫార్సీ నుంచి, బాండు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. ఒకే ఇంటి మాటలు మూడు దారుల్లో మన భాషకు చేరాయన్నమాట.

ఈ కాలపు సంకెళ్ళ కథల్లో ప్రసిద్ధమైనది ఇమ్మా అనే యోధుడిది. క్రైస్తవ సన్యాసి బీడ్ 731లో పూర్తిచేసిన ఇంగ్లండు మత చరిత్రలో ఇది ఉంది. 679లో ట్రెంట్ నది దగ్గర జరిగిన యుద్ధంలో ఇమ్మా శత్రువులకు చిక్కాడు. ఇమ్మా చనిపోయాడనుకుని మఠాధిపతి అయిన అతని సోదరుడు టున్నా అతని ఆత్మశాంతికి ప్రార్థనలు జరిపించేవాడు. ఆ ప్రార్థనల వేళకల్లా ఇమ్మా సంకెళ్ళు వాటంతటవే ఊడిపోయేవట. బంధనాలు విప్పే మంత్రాక్షరాలేమైనా దగ్గర పెట్టుకున్నావా అని పట్టుకున్నవాడు అడిగాడని బీడ్ రాశాడు. దేవకీ వసుదేవుల కథ తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా అనిపించదు. భాగవతం దశమ స్కంధంలో శ్రీకృష్ణుడు పుట్టిన రాత్రి వసుదేవుడి సంకెళ్ళు వీడిపోతాయి, చెరసాల తలుపులు తెరుచుకుంటాయి. జైలును శ్రీకృష్ణ జన్మస్థానం అనే మన జాతీయం ఆ కథ నుంచి వచ్చినదే.

ఫ్రెంచి, లాటిను మాటల రాక

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లోకి, చెరసాలల్లోకి ఫ్రెంచి మాటలు వచ్చాయి. రాకెంటె పూర్తిగా మరుగున పడి, లాటిను కాటేనా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన చైన్ ఆ చోటును ఆక్రమించింది. మానకిల్ పద్నాలుగో శతాబ్దంలో కనిపిస్తుంది. లాటినులో మానుస్ అంటే చేయి. దాని నుంచి వచ్చిన మానికే అనే మాటకు పొడుగు చేతి తొడుగు అనే అర్థం, చేతి సంకెల అనే అర్థం రెండూ ఉండేవి. పదమూడో శతాబ్దం తొలినాళ్ళ రాతల్లో కాలి సంకెలకు జైవ్ అనే మాట ఉంది. దాని పుట్టుక తేలలేదు.

హ్యాండ్‌కఫ్ విషయంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ప్రాచీన హాండ్‌కొప్స్ జనం నోట నలిగి హ్యాండ్‌కఫ్ అయిందని చెబుతుంటారు. ధ్వని దగ్గరగా ఉంది, అర్థమూ ఒకటే, కనుక నమ్మబుద్ధవుతుంది. కానీ పాతమాట ఎన్నో శతాబ్దాల కిందటే వాడుక తప్పింది. ఇప్పటి మాట పదిహేడో శతాబ్దంలో హ్యాండ్, కఫ్ కలిపి కొత్తగా కట్టినది. కఫ్ అంటే మొదట చేతి తొడుగు, తరువాత చొక్కా చేతి అంచు. లాటిను మానికే నడిచిన దారిలోనే, దానితో సంబంధం లేకుండా, ఇంగ్లీషు మరోసారి నడిచింది. మణికట్టు మీద చొక్కా అంచు కూర్చునే చోటే ఇనుప కడియమూ కూర్చుంటుంది మరి.

జైలు అనే మాట కూడా ఫ్రెంచి మీదుగా వచ్చినదే. దాని మూలం లాటిను కావెయోలా, అంటే చిన్న పంజరం. (చూ. పశువుల నుంచి మనుషులకు)

ఓడల్లో, వీధుల్లో పుట్టిన మాటలు

పదహారో శతాబ్దం నుంచి ఓడల్లో బిల్బోస్ వాడేవారు. పొడవాటి ఇనుప కమ్మీకి జరిగే వలయాలు తొడిగి, ఒక కొసన తాళం వేసేవారు. వలయాల్లో కాళ్ళు పెట్టిన నావికులు డెక్కు మీద వరసగా కూర్చోవలసిందే. స్పెయిన్‌లోని బిల్బావో ఊరి ఇనుము వల్ల ఆ పేరు వచ్చిందని అంటారు గానీ అది రుజువైన విషయం కాదు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో తిరుగుబాటు చేసిన నావికులకు వేసే బిల్బోస్ ప్రస్తావన ఉంది.

డార్బీస్ వీధి మాట. అప్పు తీసుకున్నవాణ్ణి గట్టిగా కట్టిపడేసే పత్రాన్ని పదహారో శతాబ్దపు ఇంగ్లండులో ఫాదర్ డార్బీ కట్లు అనేవారు. అప్పు పత్రం పేరు చేతి సంకెలకు మారింది. బర్మింగ్‌హామ్‌లోని హయట్ కంపెనీ చేసిన ఇనుప బేడీలకు ఆ పేరే నిలిచింది. బ్రేస్‌లెట్స్ అనే మాట కూడా దొంగల భాషలో బేడీలకు ఉంది. నగ పేరును సంకెలకు పెట్టడం మన ఉపఖండంలోనూ ఉంది. హిందీ, ఉర్దూల్లో చేతి బేడీని హథ్‌కడీ అంటారు. అంటే చేతి వలయం. మన కడియం దానికి దగ్గరి బంధువు.

తిరుమలగిరి

1798 సంధి తరువాత నిజాం రాజ్యంలో ఇంగ్లీషు కంపెనీ సైన్యం స్థిరపడింది. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. కంటోన్మెంటు ఉత్తరాన ఉన్న తిరుమలగిరిని ఇంగ్లీషువారు ట్రిమల్ఘెర్రీ అని రాసుకున్నారు. 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడి జరిగాక యూరపు సైనికుల కోసం ఇక్కడ కందకంతో కూడిన ఎంట్రెంచ్‌మెంట్ కట్టారు. ఇక్కడి సైనిక కారాగారం 1858 నాటిది. బురుజులతో, గోతిక్ శైలిలో కోటలా కనిపించే ఆ కట్టడాన్ని విండ్సర్ కాజిల్‌తో పోలుస్తారు. అది ఊరి దొంగల కోసం కట్టినది కాదు, తప్పుచేసిన సైనికుల కోసం కట్టినది.

ఒకే వస్తువును గోడకు ఇటువైపు ఒక మాటతో, అటువైపు ఇంకో మాటతో పిలిచే పరిస్థితి ఇక్కడ ఏర్పడింది. యూరపు సైనికుడి భాషలో సంకెళ్ళు వేయడాన్ని ఇన్ ఐరన్స్ అనేవారు, అంటే ఇనుములో పెట్టడం. సిపాయిల ఉర్దూలో అది బేడీ, హథ్‌కడీ, జంజీర్. చుట్టుపక్కల ఊళ్ళ తెలుగులో సంకెల. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. జైలును ఇంగ్లీషు యాసమాటలో చోకీ అంటారు. అది మన చౌకీయే. హిందుస్తానీలో కాపలా ఠాణాకు ఉన్న ఆ పేరు దండుల్లోని సైనికుల నోట పడి ఇంగ్లండు చేరింది. 1886లో యూల్, బర్నెల్ ప్రచురించిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో దానికి చోటు దొరికింది. మన వీధి చివరి పోలీసు చౌకీకీ, లండను దొంగ చోకీకీ పుట్టిల్లు ఒకటే.

బ్రిటిష్ సైన్యంలో కొరడా దెబ్బల శిక్ష 1881లో రద్దయింది. యుద్ధరంగంలో దాని బదులు ఫీల్డ్ పనిష్‌మెంట్ వచ్చింది. అందులో మొదటి రకం ప్రకారం సైనికుణ్ణి బేడీలతోనో పట్టీలతోనో తాళ్ళతోనో బండి చక్రానికో గుంజకో రోజుకు రెండు గంటల దాకా కట్టి ఉంచవచ్చు. సైనికులు దాన్ని సిలువ వేయడం అనేవారు. 1923లో ఆ శిక్షను తీసివేశారు.

తెలుగు పదజాలం

*సంకెల.* సంస్కృత శృంఖలకు ఇది వికృతి. ప్రాకృతం మీదుగా మెత్తబడి తెలుగులో స్థిరపడింది. ఇప్పుడు దీన్ని ఎవరూ పరాయి మాట అనుకోరు.

*నిగళం, అందుకం.* అమరకోశం శృంఖలతో పాటు అందుకం, నిగడం అనే మాటలను కూడా ఏనుగు సామగ్రి మధ్యనే, అంకుశం పక్కనే చెబుతుంది. కావ్యభాషలో నిగళబంధం మనుషులకూ వాడారు.

*చెర.* ఇది ద్రావిడ మాట. తమిళంలో శిరై. చెరసాల, చెరపట్టు దీని నుంచి వచ్చినవే. గోల్కొండ కోటలో కంచర్ల గోపన్నను ఉంచారని చెప్పే గదిని జనం రామదాసు చెరసాల అనీ, రామదాసు బందీఖానా అనీ రెండు విధాలా అంటారు. తెలుగు మాట, ఫార్సీ మాట ఒకే గదికి పేర్లయ్యాయి.

*బేడీ.* హిందుస్తానీ నుంచి వచ్చింది. అక్కడ బేడీ అంటే కాలిది, హథ్‌కడీ అంటే చేతిది. తెలుగులోకి వచ్చేసరికి ఈ తేడా చెరిగింది. ఇప్పుడు తెలుగువాడు బేడీలు అంటే ముందుగా చేతులనే తలుచుకుంటాడు. ఇంగ్లీషు ఫెటర్ తన కాలిని ఇంకా పూర్తిగా వదలలేదు గానీ తెలుగు బేడీ మాత్రం కాలి నుంచి మణికట్టుకు ఎక్కింది. రెండణాల నాణేన్ని బేడ అనేవారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

*అరదండాలు.* చేతి సంకెళ్ళకు అచ్చంగా తెలుగులో ఉన్న పేరు. మాటల్లో తగ్గినా పత్రికల శీర్షికల్లో బతికే ఉంది. ఫలానావారికి అరదండాలు అంటే అరెస్టయ్యారని అర్థం.

పొరుగు భాషలు ఎవరి దారి వారు పట్టాయి. కన్నడంలో చేతి సంకెల కైకోళ. తమిళంలో కైవిలంగు. ఆ తమిళ మాట గురించి కింద ఇంకా చెప్పవలసి ఉంది.

బొండ

రెండు దుంగల మధ్య రంధ్రాలు చేసి, కాళ్ళు అందులో ఇరికించి, పై దుంగను మూసి బిగించే సాధనం బొండ. బొండకొయ్య అని కూడా అంటారు. ఇంగ్లీషులో స్టాక్స్. ఆ మాటకు అసలు అర్థం చెట్టు మొద్దులు. రెండు భాషలూ శిక్ష పేరు చెప్పేటప్పుడు కొయ్యనే తలుచుకున్నాయి. ఆధునిక పాఠకుడికి బొండ ఎక్కువగా తెలుగు బైబిలులోనే తగులుతుంది. అపొస్తలుల కార్యములలో పౌలు, సీలలను ఫిలిప్పీ చెరసాలలో పెట్టిన ఘట్టంలోనూ, యోబు గ్రంథంలోనూ ఈ మాట ఉంది.

బొండకు తెలుగు నేల మీద చట్టపు చరిత్ర కూడా ఉంది. దాన్ని దాటవేసి ముందుకు వెళ్ళకూడదు. మద్రాసు ప్రెసిడెన్సీ 1816లో చేసిన 11వ రెగ్యులేషన్ చిన్న చిన్న తగాదాల్లో గ్రామాధికారికి శిక్షించే అధికారం ఇచ్చింది. దాని ప్రకారం తప్పుచేసినవాణ్ణి 12 గంటల వరకు ఊరి చావడిలో నిర్బంధించవచ్చు. కానీ అతడు తక్కువ కులంవాడైతే ఆరు గంటల వరకు బొండలో వేయవచ్చు. అంతటి అవమానకరమైన శిక్ష ఎవరికి తగునో వారికే అది వర్తిస్తుందని రెగ్యులేషన్ పాఠమే చెబుతుంది. తప్పు ఒకటే అయినా ఒకరికి చావడి గది, మరొకరికి నడివీధిలో కొయ్య. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఈ రెగ్యులేషన్ కింద ఉండేవి. నిజాం రాజ్యంలో ఉన్న సికింద్రాబాదు ప్రాంతానికి అది వర్తించలేదు.

పశువుల నుంచి మనుషులకు

ఈ పదాలన్నిటినీ ఒక వరసలో పెడితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వీటిలో చాలా మాటలు ముందు జంతువులకు పుట్టాయి. నిగళం ఏనుగుది. జైలు పంజరం. తమిళంలో విలంగు అంటే సంకెల, విలంగు అంటే జంతువు కూడా. ఇంగ్లీషు క్లాగ్ అంటే పశువు పరుగెత్తకుండా కట్టే దుంగ. అచ్చంగా మన గుదిబండ అదే. పొలాల మీద పడే దొంగగొడ్డు మెడలో బరువైన కొయ్య వేలాడదీసేవారు. అది నడిచినప్పుడల్లా ముందుకాళ్ళకు తగులుతూ పరుగు ఆపేది. ఇప్పుడు గుదిబండ అంటే అప్పు, బాధ్యత, వద్దన్నా వదలని బరువు.

ముందరికాళ్ళకు బంధం వేయడం అనే జాతీయం కూడా పశువులశాలదే. ఒక పని మొదలుకాకముందే అడ్డుపుల్ల వేస్తే ఇలా అంటాం. లాటినువారు సరిగ్గా ఇదే ఊహతో, కాళ్ళకు కట్టు వేయడం అనే అర్థంలో ఒక క్రియ చేసుకున్నారు. ఇంగ్లీషు ఇంపీడ్ దాని నుంచి వచ్చింది. కాళ్ళ కట్టు విప్పడం అనే వ్యతిరేకార్థం నుంచి ఎక్స్‌పిడిషన్ వచ్చింది. దండయాత్రలకు ఆ పేరు పెట్టుకున్న సైన్యమే తిరుమలగిరిలో కాళ్ళకు ఇనుము వేసే గదులు కట్టింది.

నిర్మాణం, పనితీరు

పాత డార్బీ రకం బేడీ కొలత మారదు. రెండు అర్ధవలయాలు ఒక మడతబందుతో కలుస్తాయి. మరలున్న తాళంచెవిని గొట్టంలాంటి తాళంలోకి తిప్పుతూ పోతే లోపలి స్ప్రింగు వెనక్కి జరిగి వలయం విడుతుంది. సన్నని మణికట్టు దాన్నుంచి జారిపోతుంది, లావు మణికట్టు అందులో పట్టదు. 1862లో అమెరికాలో ఆడమ్స్ పేటెంటు పొందిన బేడీతో ఈ చిక్కు తీరింది. వలయం అంచున గాట్లు కోసి, వాటిలో ఒక నాలుక పడేలా చేయడంతో ఏ మణికట్టుకైనా సరిపోయింది. 1912లో కార్నీ పేటెంటు చేసిన రకంలో ఒక చేయి రెండో చేతిలోంచి పూర్తిగా తిరిగి వచ్చి తగులుకుంటుంది. ఇప్పుడు పోలీసు నడుమున కనిపించేది ఆ నమూనాయే. మణికట్టుకు తాకించి నొక్కితే చాలు, టిక్ టిక్ మంటూ పడుతుంది. దానికి రెండో తాళం ఉంటుంది. అది వేయకపోతే మనిషి చేయి కదిపిన కొద్దీ వలయం ఇంకా బిగుసుకుని రక్తం ఆడదు.

జైళ్ళలో వేసిన డండాబేడీ వేరు. ఒక్కో చీలమండకు ఒక ఇనుప వలయం, దాన్ని రివెట్టుతో బిగించేవారు. ఒక్కో వలయం నుంచి ఒక ఇనుప కడ్డీ పైకి లేచి, రెండు కడ్డీలూ నడుము దగ్గర కలిసేవి. కడ్డీలు మడవవు కనుక ఖైదీ కాళ్ళు దగ్గరకు చేర్చలేడు, దూరంగా వేయలేడు. నిద్రలో పక్కకు తిరగాలన్నా రెండు చేతులతో కడ్డీలు పట్టుకోవాలి.

చట్టంలో

1894 జైళ్ళ చట్టం బేడీలను, కాలి సంకెళ్ళను జైలు శిక్షల జాబితాలో చేర్చింది. 1978లో సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు, తీహార్ జైలులో చార్లెస్ శోభరాజ్‌కు నెలల తరబడి ఉంచిన డండాబేడీల సంగతి పరిశీలించి, అలా నిరంతరంగా ఇనుము వేసి ఉంచడాన్ని అడ్డుకుంది. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసు వచ్చింది. తీహార్ నుంచి ఒక విచారణ ఖైదీ పంపిన టెలిగ్రాంతో మొదలైన కేసు ఇది. అప్పటి పంజాబు పోలీసు నిబంధనలు ఖైదీలను మెరుగైన తరగతి, మామూలు తరగతి అని విడదీసి, మామూలువారికి బేడీలు వేయడం తేలిక చేశాయి. కోర్టు ఆ విభజనను కొట్టివేసింది. 1816 నాటి బొండ రెగ్యులేషన్ చదివినవారికి ఆ విభజన పాత పరిచయమే.

ఆ తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సంకెళ్ళు వేయడాన్ని జంతుశాల పద్ధతిగా వర్ణించి, అది రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమన్నారు. నిగళం, విలంగు, గుదిబండ, జైలు అనే మాటలు తమ పుట్టుకలోనే చెబుతున్న సంగతిని ఆయన న్యాయభాషలో చెప్పారు. బేడీలు మామూలు నియమం కాకూడదు, తప్పనిసరైతే కారణం రాతలో ఉండాలి అని ఆ తీర్పు నిర్దేశించింది. 1995లో సిటిజెన్స్ ఫర్ డెమోక్రసీ కేసులో, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఖైదీకి బేడీలు వేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను పూర్తిగా నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులు విప్పుకోలేక రోగులు సజీవదహనమైన ఘటన ఆ నిషేధం వెనుక ఉంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షను మూడో ఉపవిభాగం అలవాటుపడ్డ నేరస్తులకు, కస్టడీ నుంచి తప్పించుకున్నవారికి, హత్య, అత్యాచారం, ఉగ్రవాదం, యాసిడ్ దాడి వంటి నేరాల నిందితులకు బేడీలు వేయడానికి పోలీసు అధికారికి వీలు కల్పించింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో బేడీల పేరెత్తి ఇచ్చిన అధికారం ఇలా ఉండేది కాదు.

నేటి వాడుక

తెలంగాణలో గత కొన్నేళ్ళుగా బేడీలు అనే మాట ఎక్కువగా రైతులతో కలిసి వినిపించింది. ఖమ్మం మిర్చి యార్డులో ధర కోసం జరిగిన ఆందోళనలో అరెస్టయిన రైతులను 2017 మేలో బేడీలతో కోర్టుకు తెచ్చారు. ఆ ఫొటోలు చూసి రాష్ట్రమంతా నిరసన వ్యక్తమైంది, బాధ్యులైన పోలీసు అధికారులను సస్పెండు చేశారు. 2023 జూన్‌లో ప్రాంతీయ రింగ్ రోడ్డు భూసేకరణను వ్యతిరేకించిన రాయగిరి రైతులకు, 2024 డిసెంబరులో లగచర్ల భూసేకరణ గొడవ కేసులో జైలులో ఉండి ఆసుపత్రికి తీసుకెళ్ళిన రైతుకు బేడీలు వేయడం మళ్ళీ వివాదమైంది. ఈ మూడుసార్లూ జనం నోట, పత్రికల్లో తరచూ వినిపించిన మాట: రైతులకు బేడీలు. ఉద్యమగీతాల్లో, ప్రసంగాల్లో సంకెళ్ళు తెంచడం వినిపిస్తూనే ఉంది. అరదండాలు శీర్షికలకే మిగిలాయి. ఇనుము నిజంగా మణికట్టు మీద పడినప్పుడు తెలుగువారు తరచూ పిలిచే పేరు మాత్రం, ఒకప్పుడు కాలిదై, దండుల్లోనూ ఠాణాల్లోనూ తిరిగి, చేతికెక్కిన ఆ హిందుస్తానీ మాటే.